గాజు ప్లేట్ల హోల్డర్‌లో ఇన్‌స్టాక్స్ వైడ్: తొమ్మిది వారాలు, ముప్పై షీట్లు

ముందే చెప్పేస్తాను. గాజు ప్లేట్ల కెమెరా పాత హోల్డర్‌లో ఇన్‌స్టాక్స్ (ఫ్యూజీ వాళ్ల, అప్పటికప్పుడు బొమ్మ వచ్చే ఫిల్మ్) షీట్ పట్టించడం ఇందులో సులువైన భాగం. మిగతా రోజులన్నీ హోల్డర్‌లో వెలుతురు దూరే సందులు పూడ్చడానికీ, ఎక్స్‌పోజ్ చేసిన షీట్‌ని చీకట్లో మళ్లీ కార్ట్రిడ్జ్‌లోకి (షీట్లు అమర్చి వచ్చే ప్లాస్టిక్ డబ్బా) ఎక్కించడానికీ పోయాయి. నేను కొలతల దగ్గర భయపడి, అసలు ఏడిపించేవాటిని తేలిగ్గా తీసుకున్నాను. మీరు ఆ తప్పు చెయ్యకండి.

కెమెరా మూతపడిన ఒక స్టూడియోలోది. అలప్పుళలో తయారైన వాగీశ్వరి, హాఫ్ ప్లేట్ (6½ బై 4¾ అంగుళాల గాజు ప్లేట్) సైజు. లెన్స్ మీద 8¼ అంగుళాలు అని ఉంది, అంటే సుమారు 210 మి.మీ. షట్టర్ లేదు, లెన్స్ మూత తీసి పెట్టడమే. దానితో పాటు పుస్తకంలా తెరుచుకునే చెక్క హోల్డర్లు రెండు వచ్చాయి. ఒక్కోదాంట్లో రెండు ప్లేట్లు పడతాయి. స్టూడియోల వాళ్లు మొత్తం హోల్డర్‌నే స్లైడ్ అంటారు. గందరగోళం లేకుండా నేను దాన్ని హోల్డర్ అనీ, పైకి లాగే పలకని మూత అనీ రాస్తాను.

ఫోర్ బై ఫైవ్ (4 బై 5 అంగుళాల ఫిల్మ్) కెమెరా ఉన్నవాళ్లకి ఇంత తిప్పలు అక్కర్లేదు. గ్రాఫ్లాక్ బ్యాక్ (వేరే హోల్డర్లు బిగించుకునే వెనక భాగం) ఉంటే 2021లో వచ్చిన లోమోగ్రాఫ్లాక్ అనే ఇన్‌స్టాక్స్ వైడ్ హోల్డర్ తగిలించుకోవచ్చు, మోటారే షీట్‌ని డెవలప్ చేసి బయటికి తోస్తుంది. హాఫ్ ప్లేట్ చెక్క కెమెరాకి అలాంటిది లేదు. పాత పోలరాయిడ్ హోల్డర్ దొరికినా అందులోకి ఫిల్మ్ దొరకడం కష్టం. అందులో పట్టే ఫ్యూజీ ఎఫ్‌పీ 100సీ ఫిల్మ్ ఆపేస్తున్నట్టు 2016లోనే ప్రకటించారు.

ఐ టైప్ లాంటి పోలరాయిడ్ ఫిల్మ్ కాకుండా ఇన్‌స్టాక్స్ ఎందుకంటే, పోలరాయిడ్ షీట్‌కి మనం బొమ్మ చూసే ముఖం నుంచే వెలుతురు తగలాలి. వాళ్ల కెమెరాల్లో మధ్యలో అద్దం ఉంటుంది కాబట్టి సరిపోతుంది. అద్దం లేని మన కెమెరాలో పెడితే కుడి ఎడమలు తారుమారై, బోర్డుల మీద అక్షరాలు తిరగబడతాయి. ఇన్‌స్టాక్స్‌కి వెలుతురు వెనక ముఖం నుంచి తగులుతుంది, చూసేది ముందు ముఖం. నేరుగా లెన్స్ ఎదుట పెట్టినా బొమ్మ సరిగ్గానే వస్తుంది.

2025 జనవరి 10న ఒక ప్యాక్ ఆర్డర్ పెట్టాను. ఆరు రోజులకి, 16న చేరింది. పది షీట్లు, 1,050 రూపాయలు. డెవలప్ చెయ్యడానికి షీట్ మీద రసాయనం పరిచే రోలర్లు కావాలి కాబట్టి వాడేసిన ఇన్‌స్టాక్స్ వైడ్ కెమెరా ఒకటి 4,200కి తీసుకున్నాను. అది 22న వచ్చింది. బ్యాటరీల అరలో పచ్చటి పొక్కులు. దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి తుడిచి, ఒక రాత్రి ఆరనిచ్చాక పనిచేసింది. లోపల ఎవరో వాడేసిన ఖాళీ కార్ట్రిడ్జ్ ఉండిపోయింది. అప్పుడు దాన్ని పారేయబోయాను. ఈ పని మొత్తానికీ ఆధారం ఆ ఖాళీ కార్ట్రిడ్జేనని తర్వాత తెలిసింది.

జనవరి 23న మొదటి షీట్‌ని వెలుతురులోకి తెచ్చాను, కొలవడానికి. చీకటి గదిలో కార్ట్రిడ్జ్ నుంచి పై నల్ల పలకనీ, దాని కింద షీట్‌నీ లాగి, మిగతా తొమ్మిదింటిని రెండు నల్ల కవర్లలో చుట్టి స్టీలు డబ్బాలో దాచాకే లైటు వేశాను. ఒక షీట్ వృథా అని మనసు పీకింది. కానీ ఆ షీట్ దగ్గర లేకపోతే తర్వాత పది పాడయ్యేవి. రెండు సాయంత్రాలు కళ్లు మూసుకుని దాన్ని తడుముతూ కూర్చున్నాను. ఏ అంచు మందం, ఏ ముఖం ఎటు, వేలికి ఎలా తెలుస్తుంది అని.

షీట్ 108 మి.మీ. వెడల్పు, 86 మి.మీ. ఎత్తు. బొమ్మ పడేది 99 బై 62 మాత్రమే. పొడుగు అంచుల్లో ఒకదాని వెంట రసాయనం ఉన్న సంచి ఉంటుంది, పూర్తయిన ఫోటోలో కింద వెడల్పాటి తెల్ల పట్టీగా కనిపించేది అదే. దాన్ని పాడ్ అంటాను. పాడ్ వైపు పట్టీ వెడల్పు కాబట్టి బొమ్మ మధ్యభాగం షీట్ మధ్యలో ఉండదు. నా షీట్ మీద కొలిస్తే ఐదు మి.మీ. దగ్గర తేడా వచ్చింది.

కెమెరా పెట్టెలో క్వార్టర్ ప్లేట్ కోసం చేసిన చెక్క ఫ్రేము ఒకటి ఉంది, పెద్ద హోల్డర్‌లో చిన్న ప్లేట్ పట్టించుకునేది. క్వార్టర్ ప్లేట్ అంటే 4¼ బై 3¼ అంగుళాలు. లెక్క కడితే 108 బై 82.5 మి.మీ. పొడుగు ఇన్‌స్టాక్స్‌తో అచ్చంగా సరిపోయింది! ఎత్తు మూడున్నర మి.మీ. చాలలేదు. ఆకురాయితో అరగదీద్దామని చేతిలోకి తీసుకున్నాను కూడా. రెండు కారణాలతో ఆగిపోయాను. ప్లేట్ ముందుకి పడిపోకుండా ఆపే సన్నటి గట్టు ఆ ఫ్రేముకే చెక్కి ఉంది, అరగదీస్తే అదే పోతుంది. రెండోది, ప్లేట్ ఆ గట్టు వెనక కూర్చుంటుంది కాబట్టి గట్టు మందం మేరకు ఫోకస్ వెనక్కి జరుగుతుంది.

ఈ హోల్డర్లలో గాజు ప్లేట్ ఎలా నిలబడుతుందో అర్థం చేసుకుంటే మిగతాది తేలిక. మధ్యలో ఒక రేకు, దానికి రెండు వైపులా స్ప్రింగులు. అవి ప్లేట్‌ని ముందున్న చెక్క అంచుకి అదిమి పెడతాయి. అంటే ఫోకస్‌ని నిర్ణయించేది ప్లేట్ ముందు ముఖం. వెనక మందం ఎంతున్నా స్ప్రింగు చూసుకుంటుంది. సన్నటి షీట్ ఫిల్మ్ కోసం చేసిన హోల్డర్లలో ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఫిల్మ్ వెనక పలకకి ఆనుకుంటుంది, పైన మూతకీ ఫిల్మ్‌కీ మధ్య చోటు తక్కువ, పాడ్ మందం మూతకి రాసుకునే ప్రమాదం ఉంది. గాజు కోసం తీసిన లోతు మనకి కలిసొచ్చింది.

హాఫ్ ప్లేట్ 6½ బై 4¾ అంగుళాలు, 165 బై 121 మి.మీ. జనవరి 25న ఫోటో ఫ్రేములు కట్టే షాపులో నల్ల మౌంట్ బోర్డు తెచ్చాను, 120 రూపాయలు. కచ్చితంగా 165 బై 121 కోస్తే హోల్డర్‌లో కూర్చోలేదు. అంచులకి ఒక మి.మీ. వదిలి 164 బై 120 చేస్తే సరిపోయింది. మధ్యలో 108.5 బై 86.5 కిటికీ. బొమ్మ మధ్యకి రావాలంటే కిటికీని పాడ్ వైపుకి ఐదు మి.మీ. జరపాలి. పాడ్ పైకి ఉండాలి, ఎందుకంటే కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది, తెల్ల పట్టీ ఫోటోకి కిందకి రావాలంటే హోల్డర్‌లో పైన ఉండాలి. అలా పై పట్టీ 12కి కాస్త తక్కువ, కింది పట్టీ 22కి కాస్త తక్కువ, పక్క పట్టీలు 28కి కాస్త తక్కువ వచ్చాయి.

మొదటిసారి ముందు బోర్డు రెండు మి.మీ., వెనక బోర్డు ఒక మి.మీ. వాడాను. మొత్తం మూడు. హోల్డర్ మూసుకున్నట్టే ఉంది, కొక్కెం మాత్రం బలవంతంగా పడింది. చెక్క కొంచెం వంగి హింజ్ దగ్గర సందు తెరుచుకుందని వారం తర్వాత గానీ గమనించలేదు. రెండో ఫ్రేము ఒకటీ ఒకటీ, మొత్తం రెండు మి.మీ. పెట్టెలో దొరికిన పాత గాజు ప్లేట్ మందం కూడా అంతే. వెనక బోర్డుని ఒక అంచు వెంట నల్ల క్లాత్ టేప్‌తో అతికించాను, తలుపులా తెరుచుకునేలా. దాని లోపలి ముఖానికి పల్చటి నల్ల ఫెల్ట్. పాడ్ వచ్చే చోట ఫెల్ట్‌లో 18 మి.మీ. పట్టీ కోసేశాను. లేకపోతే మందమైన అంచు ముందుకి పొంగి షీట్ విల్లులా వంగుతుంది.

షీట్ ముందుకి పడిపోకుండా ఫ్రేముకి రెండు పక్కలా రెండేసి చిన్న నాలుకలు కావాలి. వాటికి ఇంట్లో ఉన్న పాత ఎక్స్‌రే ఫిల్మ్ వాడాను. పల్చన, గట్టి, పైగా నలుపు. బొమ్మకి రెండు పక్కలా షీట్ అంచు నాలుగున్నర మి.మీ. ఉంటుంది. నాలుక మూడు మి.మీ. లోపలికి వస్తే బొమ్మని తాకదు. ఇది నా మూడో ఆలోచన. మొదట డబుల్ సైడ్ టేప్ వాడాను, దాని ఫలితం కింద చెబుతాను.

జనవరి 28న హోల్డర్ జోలికి పోకుండా డెవలప్ చెయ్యడం ఒక్కటే పరీక్షించాను. చీకట్లో దాచిన ప్యాక్ నుంచి షీట్ తీసి, ఖాళీ కార్ట్రిడ్జ్‌లోకి ఎక్కించి, కెమెరాలో పెట్టి, బయటికి రప్పించడం. వెలుతురే తగలలేదు కాబట్టి షీట్ పూర్తిగా నల్లగా రావాలి. ఇన్‌స్టాక్స్‌లో వెలుతురు తగలనిది నలుపు, ఎక్కువ తగిలింది తెలుపు. ఈ పరీక్ష చెయ్యకుండా నేరుగా ఫోటో తీస్తే, తప్పు ఎక్కడ జరిగిందో ఎప్పటికీ తేలదు.

ఎక్కించే పద్ధతి ఇది. కార్ట్రిడ్జ్‌కి ఒక అంచున షీట్ బయటికొచ్చే సన్నటి చీలిక ఉంటుంది. కెమెరాలో షీట్ పాడ్ వైపు ముందుగా బయటికొస్తుంది, రోలర్లు ముందు పాడ్‌ని పిండి రసాయనాన్ని షీట్ అంతా పరవాలి కదా. కాబట్టి తిరిగి ఎక్కించేటప్పుడు పాడ్ లేని అంచు ముందు దూరాలి. కార్ట్రిడ్జ్ కిటికీ వైపు ఏ ముఖం ఉండేదో ఆ ముఖమే మళ్లీ కిటికీ వైపు ఉండాలి. చీలిక దగ్గర వెలుతురు ఆపే పల్చటి నాలుక అడ్డం వస్తుంది. దాన్ని విజిటింగ్ కార్డు ముక్కతో ఎత్తి పట్టుకుని షీట్‌ని జారవిడవాలి. పాడ్‌ని మాత్రం నొక్కకూడదు. అందులోది క్షారం, చర్మానికి అంటితే వెంటనే నీళ్లతో కడుక్కోవాలి.

రెండో షీట్ కెమెరాలో ఇరుక్కుంది. మోటారు మూలిగింది, సగం వచ్చి ఆగింది. లాగితే చిరిగినంత పనయింది. అడుగు దాకా దిగకుండా మూడు మి.మీ. పైనే ఉండిపోయింది, దాన్ని తోసే కొక్కేనికి అంచు సరిగ్గా అందలేదు. మూడోదాన్ని అడుగు తగిలేదాకా నెట్టాను. వచ్చింది గానీ ఒక మూల చీలికలా రసాయనం పరుచుకోలేదు, వంకరగా దిగినందుకు. జనవరి 30న నాలుగోది. ఎక్కించాక కార్ట్రిడ్జ్‌ని నిలబెట్టి అరచేతి మీద రెండుసార్లు తట్టాను. అంచు నుంచి అంచుకి కారు నలుపు. నల్ల షీట్ చూసి అంత సంతోషం కలుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

కెమెరాలో పెట్టేటప్పుడు రెండు దారులున్నాయి. దాచుకున్న నల్ల పలకని అన్నిటికన్నా పైన మళ్లీ ఎక్కిస్తే, కెమెరాలో పెట్టే పని వెలుతురులోనే చేసుకోవచ్చు. కొత్త ప్యాక్ అనుకుని కెమెరా ముందు పలకని బయటికి తోస్తుంది, తర్వాత నొక్కినప్పుడు షీట్ వస్తుంది. లేదా పలక లేకుండా చీకట్లోనే కెమెరాలో పెట్టి మూసేస్తే మొదటి నొక్కుకే షీట్ వస్తుంది. నాకు రెండోదే నచ్చింది, చీలికలోంచి తోసే పని ఒకటి తగ్గుతుంది. ఏదైనా సరే, ఆ కెమెరా లెన్స్ మీద నల్ల టేప్ రెండు పొరలు ఉండాలి. నొక్కినప్పుడు దాని షట్టర్ కూడా తెరుచుకుంటుంది మరి. రెండు షీట్లు కలిపి ఎక్కిస్తే చివర ఎక్కించిందే ముందు వస్తుందని గుర్తుంచుకోండి. నేను రెండుసార్లు క్రమం తప్పి, ఏది ఎంత సేపటి ఎక్స్‌పోజరో రాసుకున్నదంతా తలకిందులైంది.

ఫిబ్రవరి 1న హోల్డర్‌లో ఐదో షీట్ పెట్టి, మూత తియ్యకుండా, మేడ మీద ఎండలో ఒక్కో వైపు ఐదు నిమిషాలు ఉంచాను. ఇది కూడా నల్లగా రావాలి. హింజ్ వైపు నుంచి తెల్లటి కత్తిలాంటి మరక, మూత దూరే చీలిక దగ్గర దువ్వెన పళ్లలాంటి గీతలు వచ్చాయి. ఈ హోల్డర్లు ఎర్ర దీపం కింద ఎక్కించుకునే ఆ కాలపు నెమ్మది ప్లేట్ల కోసం చేసినవి. ఐఎస్‌ఓ 800 (వెలుతురుకి చాలా చురుకైన) రంగుల ఫిల్మ్‌కి అన్ని రంగులూ కనిపిస్తాయి, చిన్న సందు చాలు.

మూత చీలికలో ఉన్న పాత వెల్వెట్ వేలితో ముడితే పొడిగా రాలింది. తడి బట్టతో తుడిచి, అరవై రూపాయల నల్ల వెల్వెట్ ముక్క నుంచి ఐదు మి.మీ. పట్టీలు కోసి ఫెవికాల్‌తో అతికించాను. రోమం మూత బయటికి జారే దిక్కుకి వాలి ఉండాలి. నేను మొదట ఎదురు దిక్కుకి పెట్టాను, మూత లాగితే హోల్డర్ మొత్తం కదిలింది. మూత మధ్యలో మడత పడే చోట ఉన్న గుడ్డ కూడా చిల్లులు పడింది. మూతని దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే చుక్కలు చుక్కలుగా మెరిసింది. దాని మీద కొత్త నల్ల గుడ్డ. ఫెవికాల్ ఆరడానికి ఒక పూర్తి రోజు ఇచ్చాను. గంటలో పెట్టేస్తే తేమకి చెక్క బిగుసుకుపోతుంది.

ఫిబ్రవరి 5న ఆరో షీట్. దువ్వెన గీతలు పోయాయి, హింజ్ దగ్గర మరక సన్నబడింది గానీ ఉంది. మూడు మి.మీ. మందం ఫ్రేము సంగతి తెలిసింది ఇక్కడే. రెండు మి.మీ. ఫ్రేము చేసి, హింజ్ వెంట బయటి నుంచి క్లాత్ టేప్ వేసి, ఫిబ్రవరి 8న ఏడో షీట్ ఎండలో పెట్టాను. నలుపు. ఎదుటి వైపు గది ఖాళీగా వదిలేస్తే స్ప్రింగు మధ్య రేకుని అటు తోసేస్తుంది, కాబట్టి రెండో వైపు ఎప్పుడూ పాత గాజు ప్లేట్ పెట్టి ఉంచాను.

మర్నాడు, ఫిబ్రవరి 9న, మొదటి ఫోటో. కిటికీ పక్కన కుర్చీలో మనిషి, లెన్స్‌కి మీటరున్నర దూరం. గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనక గాజు) గరుకు ముఖం మీద 99 బై 62 గడి ముందే పెన్సిల్‌తో గీసుకున్నాను. ఫోన్‌లో మీటర్ యాప్‌ని ఐఎస్‌ఓ 800కి పెడితే ఎఫ్/16కి (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) ఒక సెకను చూపించింది. అంత దగ్గరి మనిషికి ఫోకస్ చేస్తే బెల్లోస్ (లెన్స్‌కీ ప్లేట్‌కీ మధ్య ఉండే మడతల గొట్టం) సాగి వెలుతురు తగ్గుతుంది. 210 లెన్స్‌కి మీటరున్నర దూరంలో బెల్లోస్ 244 మి.మీ. దాకా సాగుతుంది. 244ని 210తో భాగించి వర్గం చేస్తే 1.35. అంటే ఒక సెకనుకి బదులు 1.35 సెకన్లు. లెన్స్ మూత తీశాను, లెక్కపెట్టాను, పెట్టాను. షీట్ బయటికొచ్చింది. తొంభై సెకన్లు అయింది, మూడు నిమిషాలు అయింది, మొత్తం నలుపు.

గంటసేపు తల పట్టుకున్నాను. హోల్డర్ మూత తీశానా? లెన్స్ డయాఫ్రమ్ మూసుకుపోయిందా? కాదు, షీట్ తిరగబడింది. ఇన్‌స్టాక్స్‌లో బొమ్మ చూసే ముఖం వైపు వెలుతురు ఆగిపోయే పొర ఉంటుంది. అది ఉంది కాబట్టే కెమెరా నుంచి షీట్ పట్టపగలు బయటికొచ్చినా ఆ వైపు నుంచి వెలుతురు దూరదు. ఆ ముఖం లెన్స్ వైపు పెడితే ఎంతసేపు తెరిచినా లోపలికి ఏమీ చేరదు. మచ్చ లేని నలుపు వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. వెలుతురు తక్కువైతే కనీసం కిటికీ అయినా మసగ్గా కనిపిస్తుంది. అప్పటి నుంచి చీకట్లో ఒకటే నియమం పెట్టుకున్నాను. కార్ట్రిడ్జ్ కిటికీ వైపు ఉన్న ముఖం మీద ఎడమ బొటనవేలు, ఫ్రేములో పెట్టేదాకా ఆ వేలు తియ్యను.

తొమ్మిదో షీట్‌లో మనిషి వచ్చాడు, మరీ తెల్లగా. నేను 1.35 అనుకున్నది చేతిలో రెండు సెకన్లయింది. ఒక సెకను దగ్గర చెయ్యి తడబడితే నష్టం పెద్దది. ఎఫ్/22కి తగ్గిస్తే సెకను రెండవుతుంది, బెల్లోస్ లెక్క కలిపితే 2.7. ఈ లెక్కలో చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. పదో షీట్ అలా తీసిందే. మొదటి ప్యాక్‌లో పదికి ఒకటి. చెంప మీద వెలుతురు సరిగ్గా వచ్చింది. తెల్ల చొక్కాలో మడతలన్నీ మాయమయ్యాయి. ఈ ఫిల్మ్ వెలుగు నీడల తేడాని ఎక్కువ భరించదు, కాబట్టి తెల్ల బట్టలు వద్దు, ఉంటే వాటినే కొలిచి నీడల్ని వదులుకోవాలి.

ఈ రెండింటి మీదా సమాన దూరంలో చిన్న చిన్న చుక్కలు కూడా పడ్డాయి. అలా ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వస్తే రోలర్‌కి ఏదో అంటుకుందని అర్థం, ఒక్కో చుట్టుకి ఒక్కో చుక్క. షీట్‌ని ఫ్రేములో నిలబెట్టడానికి వాడిన డబుల్ సైడ్ టేప్ జిగురే అది. రోలర్ల భాగాన్ని తడి గుడ్డతో పావుగంట తుడిచాను. టేప్ మానేసి ఎక్స్‌రే నాలుకలకి మారింది అప్పుడే. షీట్‌కి ఎక్కడా ఏ జిగురూ తగలకూడదు.

రెండో ప్యాక్, మూడో ప్యాక్ కలిపి తెప్పించాను, 2,100. ఫిబ్రవరి 15న వచ్చాయి. పదకొండు, పన్నెండు షీట్లు ఫోకస్ పరీక్షకే. బల్ల మీద న్యూస్‌పేపర్‌ని 45 డిగ్రీల వాలుగా పెట్టి, మధ్యలో ఒక వార్త శీర్షిక మీద గ్రౌండ్ గ్లాస్‌తో ఫోకస్ చేసి, లెన్స్ పూర్తిగా తెరిచి ఎఫ్/6.3 దగ్గర తీశాను. షీట్ మీద పదునుగా ఉన్నది ఆ శీర్షికే. షీట్ అటూ ఇటూ అర మి.మీ. జరిగినా ఎఫ్/6.3 దగ్గర ఈ సైజు ఫోటోలో కంటికి తెలియదు. ఎఫ్/22 దగ్గరైతే రెండు మి.మీ. జరిగినా తెలియదు. నేను వెర్నియర్ పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నది అనవసరం. పాడ్ కింద ఫెల్ట్ కొయ్యడం మాత్రం అవసరమే. కొయ్యకముందు తీసినదాంట్లో ఆ అంచు వైపు అక్షరాలు మెత్తబడ్డాయి.

మిగతా ఎనిమిదీ మనుషుల ఫోటోలే, మార్చి 2 దాకా. ఐదు నిలిచాయి. పోయిన మూడింట్లో ఒకటి కదలిక, ఒకటి ఎక్కించేటప్పుడు పాడ్ నలిగి పట్టీ మీద రసాయనం కారింది, ఒకటి నా చెమట. ఛేంజింగ్ బ్యాగ్‌లో (వెలుతురు దూరని నల్ల సంచి) చేతులు పెట్టి పది నిమిషాలుంటే మా రాజమండ్రి ఉక్కకి వేళ్లు తడిసిపోతాయి, షీట్ మీద వేలిముద్ర మచ్చగా మిగిలిపోయింది. ఆ తర్వాత బ్యాగ్ పక్కన పడేసి, రాత్రి తొమ్మిది దాటాక కిటికీలేని బాత్‌రూమ్‌లో చేశాను. గీజర్ మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర లైటుకి కూడా టేప్ వెయ్యండి. తీసిన షీట్‌ని వెంటనే డెవలప్ చెయ్యాల్సిన పని లేదు. పొద్దున తీసి రాత్రి చేసినవాటిల్లో నాకేమీ తేడా కనబడలేదు.

మూడో ప్యాక్ బయట తీయడానికి. మూత తీసి పెట్టే లెన్స్‌కి ఐఎస్‌ఓ 800 ఎండలో పెద్ద తలనొప్పి. నిండు ఎండలో ఎఫ్/16కి సెకనులో 800వ వంతు. ఎఫ్/32కి 200వ వంతు. చేత్తో అది అసాధ్యం. పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురుని పదిసార్లు సగానికి సగం తగ్గించే నల్ల గాజు) పెడితే ఎఫ్/32 దగ్గర ఐదు సెకన్లవుతుంది. పాత ఇత్తడి లెన్స్‌కి ఫిల్టర్ మరలు ఉండవు. మౌంట్ బోర్డు పట్టీని లెన్స్ చుట్టూ గొట్టంలా చుట్టి, లోపల వెల్వెట్ అంటించి, ముందు ఫిల్టర్ అతికించాను. ఫిల్టర్ నా దగ్గర ముందే ఉంది, కొనాల్సొస్తే ఆ ఖర్చు వేరే. ఫోకస్ చేసేటప్పుడు గొట్టం తీసేయాలి, లేకపోతే గ్రౌండ్ గ్లాస్ మీద చీకటి తప్ప ఏమీ కనపడదు. తర్వాత గొట్టం ఎక్కించేటప్పుడు లెన్స్ కదిలితే అంతా మొదటికి. ఒక చెయ్యి లెన్స్ బోర్డు మీద, ఒక చెయ్యి గొట్టం మీద.

మార్చి 8న, 14న గోదావరి గట్టు నుంచి 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెన తీశాను. లెక్కకి ఐదు సెకన్లు, నిజానికి ఏడున్నర ఇచ్చినప్పుడే సరిగ్గా వచ్చింది. ఐదు ఇచ్చినవి రెండూ చీకటిగా ఉన్నాయి. ఎక్స్‌పోజర్ సెకన్లలోకి వెళ్లేకొద్దీ ఫిల్మ్ మొద్దుబారుతుంది, పైగా నా ఫిల్టర్ కచ్చితంగా పది స్టాపులేనా అన్న అనుమానం కూడా ఉంది. కాబట్టి నా ఏడున్నర మీకు పనికిరాకపోవచ్చు, రెండు షీట్లు మీ లెన్స్‌కి కేటాయించుకోండి. మూత లాగేటప్పుడు మాత్రం కెమెరా మీద నల్లగుడ్డ కప్పాను. గదిలో దాటిపోయిన సందులు నది ఒడ్డు ఎండలో మళ్లీ కనపడతాయి. ఈ ఫిల్మ్‌ని 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమంటారు. మధ్యాహ్నం పన్నెండు తర్వాత చెక్క హోల్డర్ ముట్టుకుంటే వేడెక్కి ఉంటుంది, అందుకే రెండు రోజులూ పదికల్లా ముగించాను.

లెక్క చెప్పాలంటే, ఫిల్మ్ 3,150, కెమెరా 4,200, బోర్డు 120, వెల్వెట్ 60, క్లాత్ టేప్ 180. మొత్తం 7,710. ఫెల్ట్, ఎక్స్‌రే, ఫెవికాల్ ఇంట్లోవే. ముప్పై షీట్లలో దాచుకోదగ్గవి పన్నెండు. మొదటి ప్యాక్‌లో ఒకటి, రెండోదాంట్లో ఐదు, మూడోదాంట్లో ఆరు.

మూడో ప్యాక్‌లో పోయిన నాలుగింట్లో రెండు ఆ చీకటి వంతెనలే. ఒకదాన్ని మూత మూయకుండానే హోల్డర్ బయటికి లాగేశాను. నాలుగోదాని తప్పు ఇంకా అర్థం కాలేదు, కుడి వైపు మూలలో గోరంత పసుపు మచ్చ. రెండో హోల్డర్‌కి కూడా వెల్వెట్ మార్చాక, అదే చోట మళ్లీ వస్తుందో లేదో చూడాలి. వస్తే రోలర్ల తప్పు, రాకపోతే మొదటి హోల్డర్‌ది.